సకశేరుకాల కణాల్లో ఒక జన్యువు పనిని తేల్చడం: నాకౌట్ మొదలు రెస్క్యూ దాకా

ఒక జన్యువును పాడుచేసి (నాకౌట్), ఒక్కో కణం నుంచి పెంచిన సంతతుల్లో (క్లోన్లలో) ఏడో నంబరును నేను చాలా రోజులు నమ్మాను. వెస్టర్న్ బ్లాట్‌లో ప్రోటీన్ గీత లేదు. సీక్వెన్స్ చూస్తే జన్యువు రెండు ప్రతుల్లోనూ ఫ్రేమ్, అంటే మూడేసి అక్షరాలుగా చదివే వరస, తప్పింది. కణాలు మామూలు వాటికంటే నెమ్మదిగా పెరుగుతున్నాయి. ఇంకేం, కణ విభజనకు ఈ జన్యువు అవసరమని నోటుబుక్కులో రాసేసుకున్నాను. మూడు నెలల తర్వాత అదే జన్యువును ఆ క్లోన్‌లోకి తిరిగి పెడితే ప్రోటీన్ అయితే వచ్చింది కానీ వేగం రాలేదు. అదే ప్లేటులోంచి తీసిన మరో మూడు నాకౌట్ క్లోన్లు చక్కగా పెరుగుతూనే ఉన్నాయి. ఏడో నంబరు పుట్టుకతోనే మందకొడిది. ఆ మందకొడితనానికీ జన్యువుకీ సంబంధమే లేదు.

అప్పటినుంచి చివరి మెట్టును ముందే కట్టుకునే అలవాటు చేసుకున్నాను. జన్యువును పోగొట్టడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు. పోగొట్టినందువల్లే మార్పు వచ్చిందని నిలబెట్టడమే అసలు పని. కింద చెప్పే మెట్లన్నీ ఆ దృష్టితో రాసినవే. కణాల పెంపకం, పీసీఆర్, వెస్టర్న్ బ్లాట్ ఇప్పటికే చేతికి అలవాటైనవారి కోసం ఇది.

మెట్టు 1: ప్రశ్నను, దాన్ని తేల్చే కొలతను ముందే రాసుకోండి

"ఈ జన్యువు ఏం చేస్తుంది?" అన్నది ప్రయోగానికి లొంగే ప్రశ్న కాదు. "ఈ జన్యువు లేకపోతే డిఎన్ఏలో తెగిన చోట్లు అతుక్కోవడం ఆలస్యమవుతుందా?" అన్నది లొంగుతుంది. నాకౌట్‌లో ఏ కొలత మారాలి, జన్యువును తిరిగి పెట్టాక ఏ కొలత మామూలు స్థితికి రావాలి అన్నది ఒక్క వాక్యంలో రాయలేకపోతే, కత్తెర లాంటి కాస్9 ప్రోటీన్‌కు కోయాల్సిన చోటు చూపే గైడ్‌లు ఆర్డర్ చేయకండి.

ఈస్ట్‌లో తేలిన పనిని మళ్లీ సకశేరుకాల కణాల్లో ఎందుకు చూడాలని కొత్తవాళ్లు అడుగుతుంటారు. దానికి రాడ్51 మంచి జవాబు. తెగిన డిఎన్ఏను సరిచేసే ఈ ప్రోటీన్ లేకపోయినా ఈస్ట్ బతుకుతుంది. రేడియేషన్‌కు మాత్రం తట్టుకోలేదు, అంతే. ఎలుకలో అదే జన్యువును తీసేస్తే పిండం తొలి దశలోనే చనిపోతుంది. కోడి కణాల్లో దాన్ని ఆపేస్తే క్రోమోజోములు ముక్కలై, కణాలు విభజన గుమ్మం దగ్గర ఆగిపోయి చనిపోతాయని 1998లో తేలింది. జన్యువు పేరు అదే, రసాయన క్రియ అదే. అయినా జీవితంలో దాని బరువు వేరు.

మెట్టు 2: కణాన్ని ఎంచుకోండి

ఫ్రీజర్‌లో ఏది ఉంటే దానితో మొదలుపెట్టడమే ఎక్కువ మంది చేసే పొరపాటు. ముందు చూడాల్సింది, మీ జన్యువు ఆ కణంలో ఎన్ని ప్రతులుగా ఉందన్నది.

ఈ లెక్క ఒకసారి వేసుకోండి. కత్తిరించిన చోట అక్షరాలు చేరడమో పోవడమో యాదృచ్ఛికంగా జరిగితే మూడింట రెండు వంతుల సార్లు ఫ్రేమ్ తప్పుతుంది. ఒక్కో ప్రతి తెగి మార్పు పొందే అవకాశం 80 శాతం అనుకుంటే, ఒక ప్రతి నిజంగా పాడయ్యే అవకాశం సుమారు 53 శాతం. రెండు ప్రతులున్న కణంలో రెండూ పాడవడానికి 28 శాతం, మూడు ప్రతులుంటే 15 శాతం. అంటే 24 క్లోన్లు తీస్తే మొదటి రకంలో దాదాపు ఏడు దొరుకుతాయి, రెండో రకంలో మూడో నాలుగో. నిజానికి కాస్9 కోతల్లో ఒక్క అక్షరం చేరడం తరచుగా జరుగుతుంది కాబట్టి కొన్ని గైడ్‌లు ఇంతకంటే బాగా పనిచేస్తాయి. ప్లేట్లు ఎన్ని కావాలో తేల్చుకోవడానికి మాత్రం ఈ లెక్క చాలు.

హీలా కణాల్లో క్రోమోజోములు 70 దాటి ఉంటాయి, హెచ్‌ఈకే293లో 60 దాటి. మనిషి మామూలు సంఖ్య 46. ఈ రెండూ పెంచడానికి, ప్లాస్మిడ్ (డిఎన్ఏ వలయం) ఎక్కించడానికి సులువైనవే. కానీ మీ జన్యువు ఉన్న చోట మూడు ప్రతులున్నాయో నాలుగున్నాయో చూసుకోకుండా దిగితే సగం దారిలో ఇబ్బంది పడతారు. హాప్1 ఇందుకు వ్యతిరేకం. ల్యూకేమియా రోగి నుంచి వచ్చిన కేబీఎం-7 సంతతి ఇది, దాదాపు అన్ని క్రోమోజోములూ ఒక్కో ప్రతే. ఒక్క కోత సరిపోతుంది. చిక్కల్లా, పాసేజ్‌లు (కొత్త పాత్రలోకి మార్చి పెంచే విడతలు) పెరిగేకొద్దీ ఈ కణాలు రెండు ప్రతుల స్థితికి జారిపోవడమే. అందుకని ఎప్పటికప్పుడు ఫ్లో సైటోమెట్రీలో డిఎన్ఏ మోతాదు చూసుకోవాలి. ఆర్‌పీఈ1 దాదాపు మామూలు క్రోమోజోముల సంఖ్యతో, పనిచేసే పి53తో (డిఎన్ఏ తెగితే కణాన్ని ఆపే ప్రోటీన్) ఉండే లైన్. ఆ పి53 వల్ల వచ్చే తలనొప్పిని మెట్టు 5లో చెబుతాను.

కోడి నుంచి వచ్చిన డీటీ40 గురించి రెండు ముక్కలు ఎక్కువ చెప్పాలి. క్రిస్పర్ (ఈ కాస్9 కోత పద్ధతి) రాకముందు సకశేరుకాల కణాల్లో కోరిన చోటే జన్యువును మార్చడం గగనం. పంపిన డిఎన్ఏ ఎక్కడపడితే అక్కడ అతుక్కునేది. 1991లో బ్యూయెర్‌స్టెడ్, టకెడా ఒక సంగతి చూపించారు: ఈ కోడి బి లింఫోమా కణాల్లో పంపిన డిఎన్ఏ తనకు సరిపోలే చోటుకే వెళ్లి కూర్చునే పాళ్లు అసాధారణంగా ఎక్కువ. ఆ తర్వాత రెండు దశాబ్దాలు డిఎన్ఏ మరమ్మతు జన్యువుల మీద జరిగిన పనిలో పెద్ద భాగం ఈ కణాల్లోనే జరిగింది. ఇప్పటికీ ఇవి పాతబడలేదు. 8 నుంచి 10 గంటల్లో రెట్టింపవుతాయి, క్లోన్లు వారంలో కంటికి కనిపిస్తాయి. 37 డిగ్రీల దగ్గర కాకుండా 39.5 డిగ్రీల దగ్గర పెంచాలి, మీడియంలో కొద్దిగా కోడి సీరమ్ కలపాలి. రెండో క్రోమోజోమ్ మూడు ప్రతులుంటుందన్నది మరిచిపోకండి.

ఏ కణాన్ని తీసుకున్నా మైకోప్లాస్మా (కణాల్లో చేరే బాక్టీరియా) పరీక్ష, మనిషి కణాలైతే ఎస్‌టీఆర్ (డిఎన్ఏ వేలిముద్ర) గుర్తింపు మొదటి రోజే చేయించండి. ఆరు నెలల తర్వాత మీ కణాలు నిజానికి హీలా అని తెలిస్తే చేసేదేమీ ఉండదు.

మెట్టు 3: జన్యువు జాతకం చూడండి

ఒక పూట కూర్చుని మూడు సంగతులు తేల్చుకోండి.

మొదటిది, అది లేకపోతే కణం బతుకుతుందా? మనిషి ప్రోటీన్ జన్యువులు సుమారు 20,000. పెంచే కణాల్లో వాటిలో దాదాపు 2,000 తప్పనిసరి. డెప్‌మ్యాప్ అనే బహిరంగ డేటాబేస్‌లో మీ జన్యువు పేరు కొడితే ఎన్ని లైన్లు దాని మీద ఆధారపడుతున్నాయో కనిపిస్తుంది. తప్పనిసరి జన్యువైతే మామూలు నాకౌట్ కోసం క్లోన్లు వెతకడం దండగ. నేరుగా మెట్టు 8కి వెళ్లండి.

రెండోది, దానికి తోబుట్టువు ఉందా? సకశేరుకాల పూర్వీకుల్లో జీనోమ్ మొత్తం రెట్టింపైన సందర్భాలున్నాయి, ఎముక చేపల్లో ఇంకోసారి కూడా. అందుకే ఒకే పని చేసే జన్యువులు జంటలుగా, గుంపులుగా కనిపిస్తాయి. హెచ్‌డీఏసీ1ను తీసేస్తే హెచ్‌డీఏసీ2 భారం మోస్తుంది. ఏఆర్‌ఐడీ1ఏ పోయిన కణం ఏఆర్‌ఐడీ1బీ మీద ఆధారపడి బతుకుతుంది. అలాంటిచోట ఒక్కదాన్ని తీసి "ఏ మార్పూ లేదు" అని తేల్చడం తప్పు.

మూడోది, మీ కణంలో ఆ జన్యువు నుంచి ఏ ట్రాన్స్‌క్రిప్ట్‌లు (ఎంఆర్‌ఎన్‌ఏ రూపాలు) వస్తున్నాయి? డేటాబేస్‌లో పది రూపాలు కనిపించినా మీ కణం వాడేది రెండే కావచ్చు. ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్న ఎక్సాన్‌లనే (ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలే జన్యు ముక్కలనే) మీరు గురిపెట్టాలి.

మెట్టు 4: గైడ్‌ను ఎక్కడ దించాలి

స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్ బాక్టీరియా నుంచి తీసుకున్న కాస్9కు 20 అక్షరాల గైడ్ ఆర్‌ఎన్‌ఏ కావాలి. డిఎన్ఏలో ఆ 20 అక్షరాల వెంటనే ఏదో ఒక అక్షరం, ఆ తర్వాత రెండు జి లు ఉండాలి. ఆ మూడక్షరాల గుర్తే ప్యామ్. దానికి మూడు అక్షరాల ముందు రెండు పోగులూ తెగుతాయి. క్రిస్పోర్, చాప్‌చాప్ లాంటి ఉచిత సాధనాలు గైడ్‌లను మార్కులు వేసి మరీ చూపిస్తాయి. మార్కులు చూడటం అవసరమే, కానీ చోటు ఎంచుకోవడం మీ పని.

మొదటి ఎక్సాన్‌లో, ప్రారంభ ఏటీజీ పక్కనే కోస్తే జన్యువు పూర్తిగా పోతుందనుకుంటారు. తరచుగా జరిగేదేమిటంటే, రైబోజోమ్ కాస్త కిందున్న ఇంకో ఏటీజీ దగ్గర మొదలుపెట్టి, ముందు కొస తెగిన ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. అది సగం పనో, కొన్నిసార్లు మొత్తం పనో చేసేస్తుంది. కొసకు దగ్గరగా కోస్తే ఇంకో ఇబ్బంది. ముందుగా వచ్చిన స్టాప్ కోడాన్ చివరి ఎక్సాన్ల అతుకుకు సుమారు 50 నుంచి 55 అక్షరాల కంటే పైన ఉంటేనే కణం ఆ ఎంఆర్‌ఎన్‌ఏను చెత్తగా గుర్తించి నాశనం చేస్తుంది. చివరి ఎక్సాన్‌లో స్టాప్ పడితే ఎంఆర్‌ఎన్‌ఏ నిలుస్తుంది, తోక తెగిన ప్రోటీన్ పుడుతుంది.

నేను చేసేది ఇది. ప్రోటీన్‌కు ప్రాణం లాంటి భాగాన్ని, అంటే ఎంజైమ్ అయితే క్రియాస్థానాన్ని, మోసే ఎక్సాన్‌ను గాని, దానికి ముందున్నదాన్ని గాని ఎంచుకుంటాను. ఆ ఎక్సాన్ పొడవు మూడుతో భాగించబడకూడదు. భాగించబడితే స్ప్లైసింగ్‌లో (ఎక్సాన్లను అతికే పనిలో) ఆ ఎక్సాన్ దాటిపోయినా మిగతాది ఫ్రేమ్‌లోనే ఉంటుంది, మళ్లీ ఏదో ఒక ప్రోటీన్ వస్తుంది. ఇది కాగితం మీది భయం కాదు. 2019లో వచ్చిన ఒక పరిశీలనలో, సీక్వెన్స్ ప్రకారం నాకౌట్ అనుకున్న హాప్1 లైన్లలో సుమారు మూడో వంతులో లక్ష్య ప్రోటీన్ ఎంతో కొంత మిగిలే ఉంది. వీలైతే రెండు గైడ్‌లతో ఒక ముక్కనే తీసేయండి. పీసీఆర్‌లో గీత పొట్టిదవడం కంటితోనే కనబడుతుంది కూడా.

ఒకే జన్యువుకు వేర్వేరు చోట్ల దిగే గైడ్‌లు కనీసం రెండు తీసుకోండి. తప్పుడు చోట్ల కోత పడిందేమోనన్న అనుమానానికి ఇదే చవకైన జవాబు. రెండు గైడ్‌లూ ఒకే తప్పుడు చోట కోయడం దాదాపు జరగదు. వీటితోపాటు కంట్రోల్ గైడ్ ఒకటి: మనిషి కణాల్లో 19వ క్రోమోజోమ్ మీదున్న ఏఏవీఎస్1 లాంటి, కోసినా నష్టం లేని చోటుకు. ఏమీ కోయని గైడ్ కంటే ఇదే మేలు. కోత అనే దెబ్బ కూడా కంట్రోల్‌లో ఉండాలి కదా.

మెట్టు 5: కణంలోకి పంపడం

ప్లాస్మిడ్ అయినా ఫరవాలేదు గానీ, తయారైన కాస్9 ప్రోటీన్‌ను గైడ్‌తో కలిపి ఎలక్ట్రోపొరేషన్‌తో (విద్యుత్ దెబ్బతో) పంపడం నాకిష్టం. పని అయిపోయాక ఒకటి రెండు రోజుల్లో ప్రోటీన్ కరిగిపోతుంది, జీనోమ్‌లో ప్లాస్మిడ్ ముక్కలు అతుక్కునే బెడద ఉండదు. ప్లాస్మిడ్ వాడి ప్యూరోమైసిన్‌తో (ప్లాస్మిడ్ అందని కణాలను చంపే మందుతో) ఏరేట్లయితే మీ కణాలకు ఎంత మోతాదు కావాలో ముందుగా చంపి చూసుకోండి. పక్క బెంచీ వాళ్ల మోతాదు మీ లైన్‌కు వర్తించదు.

మూడో రోజు కొన్ని కణాలు తీసి, గుంపు మొత్తం మీద కోత ఎంత శాతం పడిందో చూడండి. కోత చోటుకు అటూ ఇటూ కలిపి 600 అక్షరాల పీసీఆర్ ముక్క, సాంగర్ సీక్వెన్సింగ్, టైడ్ లాంటి సాధనంలో మాతృ కణంతో పోలిక, అంతే. 30 శాతం కంటే తక్కువైతే క్లోన్లు తీయడం మొదలుపెట్టకండి, గైడ్ మార్చండి.

ఇక పి53 సంగతి. డిఎన్ఏ తెగితే పి53 కణాన్ని ఆపుతుంది. ఆర్‌పీఈ1, మూలకణాల్లాంటి వాటిలో కాస్9 కోతకే ఈ స్పందన వస్తుందని 2018లో రెండు బృందాలు చూపించాయి. అంటే కోత పడ్డాక చురుగ్గా పెరిగి మీ చేతికి వచ్చే క్లోన్లలో పి53 పోగొట్టుకున్నవి ఎక్కువగా ఉండే ప్రమాదముంది. అలాంటి కణాల్లో, క్లోన్లు ఎంచుకున్నాక పి53 ఇంకా స్పందిస్తోందో లేదో ఒక డిఎన్ఏ దెబ్బతీసే మందుతో పరీక్షించండి. హీలాలో, హెచ్‌ఈకే293లో వైరస్ ప్రోటీన్లు పి53ని ఇప్పటికే అణిచేశాయి కాబట్టి ఈ బాధ లేదు.

మెట్టు 6: ఒక్క కణం నుంచి క్లోన్

కణాలను పలచన చేసి 96 వెల్ ప్లేటులో వెల్‌కు సగటున 0.5 కణం చొప్పున వేస్తే, వేసినవన్నీ బతికాయనుకుంటే, సుమారు 58 వెల్స్ ఖాళీ, 29లో ఒక్క కణం, 9లో రెండో అంతకంటే ఎక్కువో. పెరిగిన 38లో 9 కలగాపులగమే. 0.3 చొప్పున వేస్తే పెరిగేవి 25, కలిసినవి మూడో నాలుగో. ప్లేట్లు ఎక్కువ ఖర్చయినా 0.3 వైపే మొగ్గండి. మూడో రోజునో నాలుగో రోజునో మైక్రోస్కోప్ కింద ప్రతి వెల్ చూసి, ఒకే గుంపుగా పెరుగుతున్న వాటికి మూత మీద గుర్తు పెట్టండి. విసుగు పుట్టే పనే, కానీ తర్వాత పడే విసుగుతో పోలిస్తే నయం.

కంట్రోల్ గైడ్ పడ్డ కణాలను కూడా ఇలాగే ఒక్కొక్క కణంగా విడదీసి పెంచండి. నా ఏడో నంబరు కథ జరిగింది ఇక్కడే. దాన్ని ఎప్పుడూ క్లోన్ చేయని మాతృ కణాల గుంపుతో పోల్చాను. క్యాన్సర్ లైన్‌లో కణానికీ కణానికీ తేడా ఉంటుంది. ఒక్క కణాన్ని ఎంచుకున్నారంటే ఆ తేడాను కూడా ఎంచుకున్నట్టే. నాలుగు కంట్రోల్ క్లోన్లు పక్కన ఉండుంటే, వాటి వేగాలే ఎంత చెదిరి ఉంటాయో మొదటి వారంలోనే తెలిసేది.

మెట్టు 7: క్లోన్‌ను చదవడం

ప్రతి క్లోన్‌కూ పీసీఆర్, సీక్వెన్సింగ్. రెండు ప్రతుల్లో రెండు వేర్వేరు మార్పులు కనిపిస్తే లెక్క సరిపోయింది. మూడు కనిపిస్తే అది మిశ్రమం, లేదా జన్యువు మూడు ప్రతులుంది. ఒకే ఒక్క మార్పు శుభ్రంగా కనిపిస్తే చాలామంది సంబరపడతారు, నేను అనుమానపడతాను. రెండు ప్రతులూ ఒకేలా మారి ఉండొచ్చు. లేదా ఒక ప్రతిలో వేల అక్షరాల ముక్క ఎగిరిపోయి, దాంతోపాటు ప్రైమర్ అతుక్కునే చోటు కూడా పోయి, పీసీఆర్‌కు కనబడకుండా ఉండొచ్చు. కాస్9 ఇలాంటి పెద్ద నష్టాలు కూడా చేస్తుందని 2018లో స్పష్టమైంది. మూడు నాలుగు వేల అక్షరాల దూరం నుంచి పొడవైన పీసీఆర్ చేయండి. దగ్గర్లో రెండు ప్రతులకూ తేడా ఉన్న అక్షరం ఏదైనా ఉంటే, అది క్లోన్‌లో ఇంకా రెండు రకాలుగానే ఉందా చూడండి. ఒకటే మిగిలితే రెండో ప్రతి గల్లంతైందన్న అనుమానం బలపడుతుంది.

తర్వాత ప్రోటీన్. యాంటీబాడీ ప్రోటీన్‌లో ఏ భాగాన్ని పట్టుకుంటుందో చూసుకోండి. కోత చోటుకు ముందున్న భాగాన్ని పట్టేదీ, తర్వాతి భాగాన్ని పట్టేదీ రెండూ దొరికితే అదృష్టం. ఒక్కటే ఉంటే, కోసిన భాగాన్నే గుర్తించే యాంటీబాడీ గీత చూపకపోవడంలో వింతేమీ లేదు, మిగతా ప్రోటీన్ హాయిగా ఉండొచ్చు. బ్లాట్‌ను గీత దగ్గర కత్తిరించకుండా పైనుంచి కింద దాకా చూడండి. క్యూపీసీఆర్‌లో ఎంఆర్‌ఎన్‌ఏ తగ్గలేదని నాకౌట్‌ను పారేయకండి, తగ్గిందని నాకౌట్ అని ప్రకటించకండి. అది దేనికీ రుజువు కాదు.

కనీసం మూడు స్వతంత్ర నాకౌట్ క్లోన్లు, అందులో ఒకటైనా రెండో గైడ్ నుంచి వచ్చినది, తేలగానే తొలి పాసేజ్‌లోనే ఒక్కోదాన్నుంచి నాలుగైదు వయల్స్ ద్రవ నైట్రోజన్‌లో పెట్టేయండి. నాకౌట్ కణాలు లోటుకు అలవాటు పడుతూ పోతాయి. ఇరవయ్యో పాసేజ్‌లో ఉన్నది మీరు మొదట చూసిన కణం కాదు.

మెట్టు 8: ఏ మార్పూ లేకపోతే, లేదా క్లోనే రాకపోతే

మార్పు లేకపోవడానికి తోబుట్టువు జన్యువు ఒక కారణమని చెప్పాను. ఇంకో చిత్రమైన కారణముంది. 2015లో జీబ్రాఫిష్‌లో ఈజీఎఫ్ఎల్7 అనే జన్యువు మీద పనిచేసినవాళ్లకు, జన్యువు ప్రోటీన్‌ను తాత్కాలికంగా తగ్గిస్తే లోపం కనిపించింది, జన్యువునే పాడుచేస్తే కనిపించలేదు. పాడైన ఎంఆర్‌ఎన్‌ఏ నాశనమయ్యే ప్రక్రియే, దాన్ని పోలిన ఇతర జన్యువులను పెంచుతుందని 2019లో రెండు పరిశోధనలు తేల్చాయి. విరుగుడు సూటిగానే ఉంది. ప్రమోటర్‌నో (జన్యువును చదవడం మొదలుపెట్టించే భాగాన్నో), జన్యువు మొత్తాన్నో తీసేస్తే పాడైన ఎంఆర్‌ఎన్‌ఏ పుట్టదు, పుట్టనిది నాశనం కాదు.

క్లోన్లే రాకపోతే జన్యువు తప్పనిసరిదై ఉండొచ్చు. అప్పుడు ప్రోటీన్‌కు మీటనొకదాన్ని తగిలించాలి. మొక్కల నుంచి తెచ్చిన ఆక్సిన్ డెగ్రాన్ పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. మీ ప్రోటీన్ కొసకు చిన్న తోక చేర్చి, కణంలో వరి నుంచి తీసుకున్న టీఐఆర్1 ప్రోటీన్ పెడతారు. మీడియంలో ఆక్సిన్ వేయగానే కణం తన సొంత యంత్రాంగంతోనే ఆ ప్రోటీన్‌ను విరగ్గొడుతుంది. చాలాసార్లు గంటలోపే. 2009లో ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు ఈస్ట్‌తోపాటు సకశేరుకాల కణాల్లోనూ చూపించారు. కణం సర్దుకునే లోపు ఏం జరిగిందో చూడగలగడం దీని గొప్పతనం. మొదట్లో చెప్పిన రాడ్51ను కూడా ఇదే ఆలోచనతో, అప్పటికున్న పనిముట్లతో తేల్చారు. కోడి జన్యువును తీసేసి, మందుతో ఆపగలిగే మనిషి రాడ్51ను దాని స్థానంలో పెట్టారు.

మెట్టు 9: రెస్క్యూ

పోయిన జన్యువును తిరిగి పెట్టే ప్లాస్మిడ్ మెట్టు 1 రోజే తయారు కావాలని నా పట్టుదల. మీ కణం వాడే ట్రాన్స్‌క్రిప్ట్ సీడిఎన్ఏ (ఎంఆర్‌ఎన్‌ఏకు డిఎన్ఏ నకలు) తీసుకుని, గైడ్ అతికే చోట ప్రోటీన్ మారకుండా అక్షరాలు మార్చండి, వీలైతే ప్యామ్‌నే చెరపండి. కాస్9 కణంలో మిగిలి ఉంటే మీ రెస్క్యూను కూడా కోసేస్తుంది మరి. బలమైన సీఎంవీ ప్రమోటర్ కాకుండా కాస్త నెమ్మదైన పీజీకే లాంటిది వాడండి. ప్రోటీన్ అసలు మోతాదుకు దగ్గరగా రావాలి. పదింతలు పోస్తే కొత్త లోపాలు పుడతాయి.

ప్రతి నాకౌట్ క్లోన్‌లోనూ మూడు పెట్టండి: ఖాళీ వెక్టర్ (జన్యువు లేని ప్లాస్మిడ్), మామూలు జన్యువు, క్రియాస్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మార్చిన జన్యువు. మామూలుది లోపాన్ని సరిచేసి, మార్చినది సమానంగా తయారవుతూనే సరిచేయకపోతే, జన్యువు అవసరమన్న మాటతోపాటు దాని ఏ పని అవసరమో కూడా తేలుతుంది. రోగుల్లో కనిపించే మ్యుటేషన్లను తూచడానికి కూడా ఇదే తక్కెడ. నాలుగో గొట్టంలో రోగి మ్యుటేషన్‌ను పెట్టండి. దాన్ని జన్యువు అసలు స్థానంలోనే రాయాలంటే 2016లో వచ్చిన సి ని టి గా మార్చే బేస్ ఎడిటర్, 2017లో వచ్చిన ఏ ని జి గా మార్చేది ఉన్నాయి. ఇవి రెండు పోగులనూ తెంచవు. పక్కనున్న అవే అక్షరాలను కూడా మార్చేయవచ్చు కాబట్టి సీక్వెన్స్ మళ్లీ చదవాల్సిందే.

రెస్క్యూ కుదరకపోతే ముందు ప్రోటీన్ సరైన చోటుకు చేరుతోందో చూడండి. మీరు తగిలించిన ట్యాగ్ దాని దారి మళ్లించి ఉండొచ్చు. ట్యాగ్‌ను రెండో కొసకు మార్చండి, లేదా తీసేయండి. తర్వాత ఇంకో ట్రాన్స్‌క్రిప్ట్ రూపం. అప్పటికీ రాకపోతే, మిగతా క్లోన్లలో కూడా రాకపోతే, ఆ లోపం మీ జన్యువుది కాదు. ఏడో నంబరు వయల్స్ ఇంకా మా నైట్రోజన్ డబ్బాలోనే ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం ఒక వయల్ కరిగించి ఇస్తాను, అదేమిటో చెప్పకుండా.